కాడి దించే వేళ

గుంటూరులో డాక్టరు గారు నా మెడ వెనక, భుజం మొదలయ్యే చోట, బొటనవేలితో నొక్కారు. ప్రాణం జివ్వుమంది. "ఇక్కడేనా అమ్మా?" అన్నారు. ఇక్కడే. నొప్పికంటే ముందు నాకు మా ఎర్రెద్దు గుర్తొచ్చింది. అరక విప్పి కాడి దించగానే నాన్న ఆ ఎద్దు మెడ మీద సరిగ్గా ఆ చోటే అరచేత్తో రుద్దేవాడు. అక్కడ తోలు మొద్దుబారి, కాయ కాసి ఉండేది. "దానికి నొప్పెట్టదా నాన్నా?" అని చిన్నప్పుడు అడిగాను. "పెట్టబట్టేగా దించేది" అన్నాడు.

నేను మెడికల్ కోడర్‌ని. తుళ్లూరులో మా ఇంట్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదువుతాను. అక్కడి డాక్టరు రాసిన ప్రతి జబ్బుకూ, చేసిన ప్రతి వైద్యానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు సరిగ్గా వేస్తేనే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కడుతుంది. "కంప్యూటర్లో జబ్బులు రాసిద్ది" అని అమ్మ ఊళ్లోవాళ్లకు చెబుతుంది. ఇంతకంటే మంచి నిర్వచనం మా ట్రైనింగ్‌లో కూడా ఎవరూ ఇవ్వలేదు. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10 పద్ధతికి మారింది. ఒక్కసారిగా దాదాపు 70 వేల కోడ్‌లు వచ్చిపడ్డాయి. బీఫార్మసీ చదివి మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డ నాలాంటివాళ్లకు ఆ మార్పు పుణ్యాన హైదరాబాద్‌లో ఏసీ గదిలో కుర్చీ దొరికింది. ఆవు కుమ్మితే ఒక కోడ్, ఆవు కరిస్తే వేరే కోడ్ ఉన్నాయని చెబితే నాన్న రెండు రోజులు టీకొట్టు దగ్గర అదే చెప్పుకుని నవ్వాడు.

2020 మార్చిలో ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఊరొచ్చాం. పదిహేను రోజులనుకున్నది ఇప్పటిదాకా వచ్చింది. మా ఆయన విజయవాడలో ఉద్యోగం చూసుకున్నాడు, పాప ఇక్కడే బళ్లో చేరింది. ఊరి గాలి, అమ్మ చేతి వంట, హైదరాబాద్ జీతం. అదృష్టమంటే నాదేనని చుట్టాలంతా అన్నారు. నేనూ అనుకున్నాను. 2022లో నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. నా కింద పద్నాలుగు మంది. చార్టు వచ్చిన 24 గంటల్లో తిరిగి వెళ్లాలి, క్వాలిటీ 95 శాతం తగ్గకూడదు. ఇవి పగటి పని. రాత్రి ఎనిమిదిన్నరకు క్లయింట్‌తో కాల్. వాళ్లకు అప్పుడే తెల్లారుతుంది కదా. కాల్ అయ్యాక వాళ్లు అడిగినవి మా గ్రూపులో పెట్టాలి, పెట్టాక వచ్చే సందేహాలు తీర్చాలి. నెలాఖరు శనివారాలకు సెలవు లేదు. అన్నం తింటూ ఫోన్ చూస్తుంటే మా పాప వాళ్ల నాన్నతో, "అమ్మ మ్యూట్‌లో ఉంది, నువ్వు చెప్పు" అనేది.

ఒళ్లు ముందు చిన్నగానే చెప్పింది. ఎడమ కనురెప్ప అదరడం మొదలైంది. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే మంచిదని అమ్మ సంబరపడింది. మూడు వారాలు అదిరింది. ఆ మంచి ఏమిటో ఇప్పటికీ తేలలేదు. తర్వాత కడుపులో మంట. గ్యాస్ అనుకుని రోజూ పొద్దున్నే ఒక బిళ్ల. తెల్లారి లేచేసరికి దవడలు నొప్పి. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని మా ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. దువ్వెన నిండా జుట్టు. నెలసరి ఒకసారి ఇరవై రోజులకు, ఒకసారి యాభైకి. వేళ్ల కొసలు తిమ్మిరి. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, కాబట్టి గట్టి దిష్టేనని తేల్చింది. మిరప పండే ఊళ్లో మిరపకాయ మాటకు ఎదురు చెప్పేదెవరు?

ఒక జనవరి నెలాఖరు రాత్రి, పన్నెండు దాటాక, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు పట్టేసింది. ఊపిరి సగంలో ఆగిపోతోంది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. మా ఆయన కారు తీశాడు. గుంటూరులో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఈసీజీ, రక్తపరీక్షలు, పొద్దున్నే ఎకో, ఆ తర్వాత థైరాయిడ్, షుగరు, బీ12. అన్నీ నార్మల్. ఆ మాటకు సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. రిపోర్టులో ఏదో ఒకటి ఉంటే సెలవు పెట్టడానికి ఒక కాగితం ఉండేది. నార్మల్ మనిషికి సెలవెందుకు?

ఆ మంచం మీద పడుకుని నా చార్టు నేనే కోడ్ చేసుకున్నాను. నవ్వులాటకు కాదు, అలవాటు అలాంటిది. ఛాతీ నొప్పి, కారణం తెలియదు: ఆర్07.9. అజీర్ణం: కె30. మెడనొప్పి: ఎం54.2. తిమ్మిర్లు: ఆర్20.2. రోజూ వందసార్లు ఎవరెవరికో వేసే నంబర్లు. అప్పుడు గుర్తొచ్చింది, నేను చాలా తక్కువసార్లు వేసిన కోడ్ ఒకటుంది. జెడ్56.6. పని వల్ల కలిగే శారీరక, మానసిక ప్రయాస. దాన్ని తక్కువగా ఎందుకు వేస్తామంటే, నియమం అలా ఉంది. జెడ్55 నుంచి జెడ్65 దాకా ఉన్నవాటిని మొదటి జబ్బుగా రాయకూడదు. ముందు ఇంకో రోగం ఉండాలి, ఇది దాని పక్కన తోడుగా రావాలి. చార్టులో ఎక్కడా రాసి లేకపోతే అదీ లేదు. పని మనిషిని చెడగొట్టిందన్న సంగతి ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా రెండో వరసలోనే కూర్చుంటుంది. ఇన్నేళ్లుగా ఆ వరసలు సర్దుతున్నది నేనే. నా వంతు వచ్చేదాకా అది నియమంగానే కనిపించింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ఐసీడీ-11ను ఆమోదించినప్పుడు బర్న్ అవుట్ గురించి ఒక మాట స్పష్టంగా రాసింది: ఇది జబ్బు కాదు, పనిచేసే చోటికి సంబంధించిన స్థితి. మా కోడర్లలో కొందరు దీన్ని చిన్నచూపు అనుకున్నారు. నాకు మాత్రం నచ్చింది. చెడింది మనిషిలో కాదు, పనిలో అని ఒప్పుకున్నట్టే కదా.

డాక్టరు గారు నాకు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. ప్రమాదం ఎదురైతే ఒంట్లో ఎడ్రినలిన్ పొంగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపుకు వెళ్లే రక్తం తగ్గుతుంది. ఊపిరి పైపైన, గబగబా తీస్తాం. అలా తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి. ఇదంతా పారిపోవడానికో, తిరగబడడానికో ఒళ్లు చేసుకునే ఏర్పాటు. "కుక్క తరిమితే పరిగెత్తి ఇంట్లో పడతావు, తలుపేస్తావు, పది నిమిషాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. నీ కుక్క ఫోన్‌లో ఉందమ్మా. నీతోపాటే ఇంట్లోకి వచ్చింది" అన్నారు. మందు చీటీలో ఒక బిళ్ల రాసి, దాని కింద, "రాత్రి ఏడు తర్వాత ఫోన్ లేదు" అని కూడా రాశారు. నేను చూసిన చీటీలన్నిటిలో కోడ్ వేయడానికి వీల్లేని మందు అదొక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. ఛాతీ పట్టేసినప్పుడు "టెన్షన్‌లే" అని ఇంట్లో పడుకోకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. మనకు గుండెపోటు వచ్చినా చాలాసార్లు ఆయాసంగా, నీరసంగా, వీపులో నొప్పిగా, గ్యాస్‌లాగా వస్తుంది. ముందు గుండెను చూపించుకోవాలి, టెన్షన్ అని తర్వాత అనుకోవచ్చు. పైగా టెన్షన్ వేరు, గుండె వేరు అని గీత గీయడమే తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే దీర్ఘ పనిగంటల వల్ల ప్రపంచంలో 7,45,000 మంది పోయారని వాళ్ల లెక్క. అది చదివాక నేను పాప నోటుబుక్‌లో రెండు వారాలు నా గంటలు రాసుకున్నాను, రాత్రి మెసేజ్‌లతో సహా. మొదటి వారం 61. రెండో వారం 58. ఆఫర్ లెటర్‌లో ఉన్నది 45.

ఇక నాన్న సంగతి. పొలం పనికి ఒత్తిడి లేదు, పాతకాలం మనుషులు హాయిగా బతికారు అనే మాట పట్నంలో కూర్చుని రీళ్లు చేసేవాళ్లది. నేను అమ్మ కడుపులో ఉన్న ఏడాది, 1987లో, గుంటూరు ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. ఎంత మందు కొడితే అంత పెరిగింది. అప్పు చేసి మందు, మందు కోసం ఇంకో అప్పు. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. నాన్న బతికి బయటపడ్డాడు, కడుపులో పుండుతో. ఆ పుండు వయసూ నా వయసూ ఒకటే. తర్వాత ఎన్నిసార్లు మిరప ధర పడిపోయిందో, 2017లో గుంటూరు యార్డు ముందు టిక్కీల మీద కూర్చుని రైతులు ఎలా తల పట్టుకున్నారో ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఒత్తిడి ఒంట్లోకి దిగడం మా ఊరికి కొత్త కాదు. 2015లో మా మూడున్నర ఎకరాల మెట్ట రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కు ఇచ్చాం. 2019 డిసెంబరులో ప్రభుత్వం మూడు రాజధానులన్నప్పటి నుంచి అమ్మ నాలుగేళ్లకు పైగా రైతుల దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చుంది. ఆ నాలుగేళ్లలో మా వీధిలో బీపీ బిళ్ల వేసుకోని ఇల్లు లేకుండా పోయింది. భూమి లేక పని పోయిన నాన్నకూ అప్పుడే బీపీ వచ్చింది. కాడి లేకపోయినా మనిషి చెడతాడు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

అయినా ఒక తేడా ఉంది. నాన్నకు దిగులు మంచం దాకా వచ్చేది, పని వచ్చేది కాదు. తెల్లవారకముందే అరక కట్టేవాడు, ఎండ ముదిరేసరికి విప్పేవాడు. ఇంకో రెండు సాళ్లే మిగిలాయి కదా అని ఎద్దుల్ని తోలితే పక్క చేలోవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "వాటినేం చేద్దామనిరా?" అని కేకేసేవాళ్లు. ఏరువాక పున్నమికి ఆ ఎద్దులకు కొమ్ములు రంగేసి, బొబ్బట్టు తినిపించేవాళ్లు. దయ ఉండొచ్చు గానీ, దయ ఒక్కటే కాదు. ఎద్దు పడిపోతే కొనాలి. మంచి జత ధర ఎంతో నాన్నకు తెలుసు. నా ధర ఎంతో మా కంపెనీకీ తెలుసు. నేను పడిపోతే ఇంకొకరికి లాగిన్ ఐడీ ఇస్తే చాలు.

అరక విప్పాక ఎద్దులకు నీడ, నాన్నకు నులకమంచం. అమ్మకో? అమ్మ కూడా తెల్లారి పత్తి తీతకో మిరప కోతకో వెళ్లి, ఒడిలో బరువుతో తిరిగొచ్చి, నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్లేది. మా ఊళ్లో అరక విప్పడం ఉందని నేను మురిసిపోతున్నప్పుడు అమ్మ మాట్లాడకుండా విని, "అది మగాళ్ల లెక్క" అంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అందుకే 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలనీ, ఆదివారాలు ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తారనీ అన్నప్పుడు నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వేసింది. ఆ భార్య ఆ ఇంట్లో వారానికి ఎన్ని గంటలు చేస్తోందో ఇంత పెద్ద లెక్కలవాళ్లకు తట్టలేదా?

ఊరి నుంచి పని అంటే నాకు జరిగింది ఇదే. నాన్న కాడీ అమ్మ కాడీ రెండూ నా మెడ మీదికే వచ్చాయి. ఆఫీసు పని మధ్యలో పాలవాడు, గ్యాస్ బండ, పాప హోంవర్క్. ఇంటి పని మధ్యలో క్లయింట్. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మియాపూర్ మెట్రో ఎక్కి గంట నిలబడి ఇంటికొచ్చేదాన్ని. ఆ గంటను రోజూ తిట్టుకునేదాన్ని. అదే నా అరక విప్పే వేళ అని పోయాకే తెలిసింది.

మా ఇంటికి కొద్ది కిలోమీటర్ల అవతల వేరే లోకం ఉంది. 2016లో సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చినప్పుడు ఉద్యోగులకు జూన్ నుంచి వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. కుటుంబాలు అక్కడ, కుర్చీలు ఇక్కడ. ఏడాదికే అన్నారు గానీ, ఆ తర్వాత ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా పొడిగిస్తూనే ఉన్నాయి. మా మేడ మీద అద్దెకున్న ఆయన సచివాలయంలోనే చేస్తారు. శుక్రవారం సాయంత్రం విజయవాడలో ఇంటర్‌సిటీ ఎక్కితే తలనొప్పి దిగిపోతుందట. సోమవారం తెల్లవారుజామున లింగంపల్లిలో ఎక్కగానే మళ్లీ పట్టుకుంటుందట. శుక్రవారం రాత్రీ సోమవారం పొద్దునా పట్టాల మీదే పోతాయి. అది చూసి ఐదు రోజుల పనివారం వృథా అనను. ఆయనకు దొరికిన ఊరట నిజం. దాన్ని ఇచ్చింది కూడా ఒక జీవో, ఎవరి మంచితనమో కాదు. నాకు ఈ సంగతి ముఖ్యం. ప్రభుత్వం తలుచుకుంటే పనివేళకు గట్టు కట్టగలదని మా ఊరి పక్కనే తొమ్మిదేళ్లకు పైగా రుజువవుతోంది. తన వాళ్లకు కట్టిన గట్టు మిగతావాళ్లకు ఎందుకు కట్టదు?

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు, ముఖ్యంగా మహిళలకు, పెద్దఎత్తున తెస్తామన్నారు. పట్టణాల్లో, మండలాల్లో కో వర్కింగ్ స్పేస్‌లకు ప్రోత్సాహమన్నారు. నేను దానికి వ్యతిరేకిని కాదు. ఆ ప్రకటనలో చెప్పిన జీవితం నేను ఐదేళ్లుగా బతుకుతున్నాను, మా ఊరి అమ్మాయిలకు అది రావాలనే కోరుకుంటాను. కానీ అదే ఏడాది జూన్‌లో మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. విరామం ఐదు గంటలకు బదులు ఆరు గంటలకు, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 75 గంటలకు బదులు 144. వారానికి 48 గంటలు మారలేదు కదా అంటున్నారు. మారలేదు. కానీ గడియారం ఏ వైపుకు జరుగుతోందో కనబడుతూనే ఉంది.

ఐటీ రంగానిది మరీ వింత కథ. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. వారానికి 48 గంటలు అని అందులో రాసి ఉంది. మా వీధి చివర బట్టల కొట్లో చేసే అబ్బాయికి ఆ చట్టం కాగితం మీదైనా ఉంది. ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకు పనివేళల సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. పెట్టుబడులు రావాలి, అమెరికా పగలు మన రాత్రి, కాబట్టి అని కారణం. రాత్రి పని చేయించుకోవడానికి మినహాయింపు కావాలంటే అర్థం ఉంది. గంటలు లెక్కే లేకుండా చేయించుకోవడానికి అది సాకు కాకూడదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళ దాటాక మెసేజ్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కు చట్టంలో ఉంది. అక్కడ కంపెనీలు మూతపడలేదు. మన ఐటీ పాలసీలో రాయితీ తీసుకునే ప్రతి సంస్థకూ ఒక్క షరతు పెట్టొచ్చు: ఇంటి నుంచి చేసేవాళ్ల లాగిన్, లాగవుట్ గంటలు రాసి చూపించాలి, దాటిన గంటకు సెలవో డబ్బో ఇవ్వాలి, వేళ దాటాక పలకలేదని రేటింగ్ తగ్గించకూడదు. చార్టుకో నిమిషం లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంది. మా గంటలు లెక్కపెట్టడం వాళ్లకు చేతకాదంటే నమ్మలేను.

యోగా, ధ్యానం, స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వెబినార్ అంటారు. మాకూ పెట్టారు. శనివారం మధ్యాహ్నం మూడింటికి, హాజరు తప్పనిసరి. అంతకంటే ఎక్కువ రాయనక్కర్లేదు.

నేను చేసింది చెప్పి ముగిస్తాను. మా పెరట్లో ఎద్దుల కొట్టం ఖాళీగా ఉంది. నేల గచ్చు చేయించి, కిటికీ పెట్టించి, నా బల్ల అక్కడికి మార్చాను. ఇంట్లోకి ల్యాప్‌టాప్ రాదు. ఆఫీసు నంబరు వేరే ఫోన్‌లో వేసి, ఏడింటికి ఆ ఫోన్ కూడా కొట్టంలోనే పెట్టి గొళ్లెం వేస్తాను. క్లయింట్ కాల్ వారానికి రెండు రాత్రులకే ఒప్పించాను. ఆ రెండు రోజులు మధ్యాహ్నం పనిలోకి వచ్చి, కాల్ అయ్యాక గొళ్లెం వేస్తాను. నా టీమ్‌లో పద్నాలుగు మందికీ చెప్పేశాను, ఏడు తర్వాత గ్రూపులో నేను ఏదీ పెట్టను, మీరూ పెట్టొద్దు అని. మొదటి వారం వాళ్లకే భయం వేసింది. ఒకబ్బాయి తొమ్మిదింటికి నా సొంత నంబరుకు ఫోన్ చేసి, "మేడమ్, అంతా బాగానే ఉందా?" అని అడిగాడు. మా క్వాలిటీ అప్పుడూ 95 దగ్గరే, ఇప్పుడూ అక్కడే.

నాకేమీ నష్టం రాలేదంటే అబద్ధం. ఆ ఏడాది రేటింగ్ ఒక మెట్టు దిగింది, ఇంక్రిమెంట్ సగమైంది. "రాత్రిళ్లు అందుబాటులో లేరు" అని అందులో రాశారు. కాడి పారేశానని వాళ్ల భావం. నేను పారేయలేదు, దించాను. తెలుగు తెలిసిన మేనేజర్‌కు ఈ రెండు మాటల తేడా తెలియకపోవడమే నన్ను బాధపెట్టింది. ఇదంతా నేను చేయగలిగింది సొంత ఇల్లు, మా ఆయన జీతం, పూలింగ్ భూమికి నాన్నకొచ్చే కౌలు డబ్బులు ఉండబట్టి. హైదరాబాద్‌లో అద్దె గదిలో, కొత్తగా చేరిన అమ్మాయి ఏడింటికి ఫోన్‌కు గొళ్లెం వేయగలదా? అందుకే చట్టం కావాలంటున్నాను.

ఒళ్లు ఒక్కరోజులో బాగుపడలేదు. ముందు దవడ వదిలింది, తర్వాత కడుపు. తిమ్మిర్లు మూడు నెలలకు పోయాయి. మెడ ఇంకా ఉంది. కాసిన కాయ అంత తొందరగా పోదని నాన్న అంటాడు.

రోజూ కొట్టం గొళ్లెం చప్పుడు వినగానే నాన్న వరండాలోంచి, "విప్పావా అమ్మాయ్?" అని అడుగుతాడు. "విప్పా నాన్నా" అంటాను. మొన్న ఆ మాట విని అమ్మ వంటింట్లోంచి, "నాదెవరు విప్పుతారో కనుక్కోవే ఆయన్ని" అంది. నాన్న చాలాసేపు పలకలేదు. తర్వాత లేచి, పంచె ఎగ్గట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి, "గ్లాసులు ఎక్కడుంటాయి?" అన్నాడు. నలభై ఏళ్ల కాపురం.

అమ్మ చెప్పలేదు. "వెతుక్కో" అంది.